వరద వచ్చినప్పుడు టీకాలు ముందా, జ్వరాల సర్వే ముందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మూసీ ఒడ్డున ఉన్న యూపీహెచ్‌సీలో (పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) కొత్తగా మెడికల్ ఆఫీసర్‌గా చేరారు. వరద నీళ్లు బస్తీలోకి వచ్చి పది రోజులైంది. ఏఎన్ఎమ్‌లు (టీకాలు వేసే నర్సులు), ఆశాలు (బస్తీ ఆరోగ్య కార్యకర్తలు) అందరూ జ్వరాల సర్వేలోనో, పునరావాస కేంద్రాల్లోనో ఉన్నారు. రెండు బుధవారాలు, ఒక శనివారం టీకాల సెషన్ జరగలేదు. ఒక అధికారి రోజువారీ జబ్బుల రిపోర్టు కావాలంటున్నారు, ఇంకొకరు టీకాలు ఆగకూడదంటున్నారు. ఉన్న కొద్దిమందితో ముందు ఏ పని మొదలుపెట్టాలి?

ఈ టెన్షన్ నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాద్‌లో ఇదే పనిలో ఉన్నాను. ఈ రెండింటినీ వేర్వేరు పనులుగా చూసినంత కాలం మీకు మనుషులు సరిపోరు. ఆ తలుపు తట్టేది ఒకే ఆశా, తలుపు తీసేది ఒకే తల్లి. "ఇంట్లో ఎవరికైనా జ్వరం, విరేచనాలు ఉన్నాయా" అని అడిగిన ఆశాయే "పాపకు చివరి సూది ఎప్పుడు వేయించారు" అని కూడా అడగాలి. జ్వరాల సర్వే కాగితంలో కుడివైపు ఒక గడి ఎక్కువ గీయండి: ఐదేళ్లలోపు పిల్లలు ఎందరు, ఏ టీకా బాకీ ఉంది. ఇంటికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. వారం తిరిగేసరికి డ్యూ లిస్ట్, అంటే టీకా బాకీ ఉన్న పిల్లల జాబితా, మీ చేతిలో ఉంటుంది.

డ్యూ లిస్ట్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇలాంటప్పుడు ముందుగా పాడయ్యేది అదే. వ్యాక్సిన్ స్టాకు లేక సెషన్ ఆగడం నేను చాలా తక్కువసార్లు చూశాను. ప్రతిసారీ దొరకనిది పిల్లలు. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన మీకూ గుర్తుండే ఉంటుంది. ఒకవైపు కరోనా, ఇంకోవైపు వరద. చెరువుల కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నేను అప్పుడు పాతబస్తీ వైపు కొన్ని సెంటర్ల పని చూసేదాన్ని. నీళ్లు తీశాక ఒక ఆశాతో కలిసి గల్లీలో తిరిగాను. ఆమె చేతిలో లిస్టు తడిసి, కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. సగానికి పైగా ఇళ్లకు తాళాలు. ఆమె ఏమీ కంగారు పడకుండా నన్ను మూలమీది కిరాణా కొట్టుకు తీసుకెళ్లింది. కొట్టాయన దగ్గర ఉద్దెర ఖాతా పుస్తకం ఉంది. ఎవరు ఎంత బాకీ, ఇప్పుడు ఎక్కడున్నారు, ఫోన్ నంబర్ ఏంటి, అన్నీ ఆయనకు తెలుసు. "ఈల్లు పహాడీషరీఫ్‌ల చుట్టాలింటికి పోయిన్రు. ఈయన పెండ్లాం పిల్లల్ని పాలమూరు పంపిండు" అంటూ ఒక్కో పేరూ చెప్తుంటే ఆశా పక్కన రాసుకుంటూ పోయింది. గంట తిరక్కుండానే లిస్టులో చాలామంది పిల్లల ఆచూకీ దొరికింది. ఆ రోజు నుంచి ఏ బస్తీలో ఏం జరిగినా నేను మొదట అడిగేది ఉద్దెర ఇచ్చే కొట్టు ఎక్కడుందని.

అలా సేకరించిన పేర్ల పక్కన మూడు గుర్తులు చాలు: ఇక్కడే ఉన్నారు, క్యాంపులో ఉన్నారు, ఊరెళ్లారు. ఇక్కడే ఉన్నవాళ్లకు వచ్చే బుధవారం సెషన్. క్యాంపులో ఉన్నవాళ్లకు క్యాంపులోనే టీకా. ఊరెళ్లిన వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అక్కడి ఏఎన్ఎమ్‌కు చేరాలి. ఆ ఫోన్ మీరే చేయండి. "మా బస్తీ పాప మీ ఊర్లో ఉంది, పెంటా మూడో డోసు బాకీ" అని (పెంటా అంటే పెంటావలెంట్, ఐదు జబ్బులకు ఒకే టీకా) డాక్టరే చెప్తే పని వేరుగా నడుస్తుంది.

"కార్డు నీళ్లల్ల పోయింది మేడమ్" అనే మాట మీకు రోజూ వినిపిస్తుంది. దాన్ని పట్టుకుని ఒక్క పిల్లనీ వెనక్కి పంపకండి. యూ-విన్‌లో (ప్రభుత్వ టీకాల పోర్టల్) తల్లి ఫోన్ నంబర్‌తో వెతకండి, మీ రిజిస్టర్ చూడండి, ఎడమ భుజం మీద బీసీజీ (క్షయ టీకా) మచ్చ ఉందేమో చూడండి. ఏదీ తేలకపోతే వేయలేదనే అనుకుని వేయండి. ఒక డోసు ఎక్కువ పడితే వచ్చే పెద్ద ప్రమాదం ఏమీ లేదు, పడకపోతే ఉంది. మధ్యలో గ్యాప్ వచ్చిందని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే. మన జాతీయ షెడ్యూల్ ప్రకారం బీసీజీ ఏడాది లోపు ఇవ్వొచ్చు. పెంటావలెంట్ మొదటి డోసు ఏడాది లోపు పడితే మిగతావి తర్వాతైనా పూర్తి చేయొచ్చు. ఏడాది దాటాక మొదలుపెడితే డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) ఇస్తాం, అది ఏడేళ్ల వరకు. పోలియో చుక్కలు, ఎంఆర్ (తట్టు, రూబెల్లా టీకా) ఐదేళ్ల వరకు. జలుబు, కొద్దిపాటి జ్వరం, విరేచనాలు టీకా ఆపడానికి కారణాలు కావు. వరద తర్వాత బస్తీలో ముక్కు కారని పిల్ల ఉండదు, వాళ్లందరినీ "తగ్గాక రండి" అని పంపితే సెషన్ ఖాళీగా ముగుస్తుంది.

ఇక జబ్బుల సంగతి. మీకు పంపే ఫారాలు అందరికీ ఒకేలా ఉంటాయి కానీ జబ్బులు ఒకేసారి రావు, ఒక వరసలో వస్తాయి. ఆ వరస తెలిస్తే ఏ వారం దేని కోసం చూడాలో తెలుస్తుంది. మొదటి వారం వాంతులు, విరేచనాలు. నల్లా పైపుల్లోకి మురుగు చేరుతుంది. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి ఎంతమంది ప్రాణాలు పోయాయో ఈ నగరంలో పనిచేసేవాళ్లెవరూ మరిచిపోకూడదు. కాబట్టి ఆశా చేతిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లతో పాటు క్లోరిన్ టెస్ట్ కిట్ కూడా ఉండాలి. నల్లా నీళ్లలో క్లోరిన్ కనీసం 0.2 పీపీఎం (లీటరుకు 0.2 మిల్లీగ్రాములు) ఉందా లేదా రోజూ చూడాలి. నీళ్ల విరేచనాల కేసులు ఒకే గల్లీ నుంచి వస్తుంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే మలం శాంపిల్ తీయండి. మాత్ర వేశాక తీసిన శాంపిల్‌లో క్రిమి దొరక్కపోవచ్చు.

రెండో వారంలో, బురద నీళ్లలో తిరిగినవాళ్లకు పిక్కల నొప్పులతో, ఎర్రటి కళ్లతో జ్వరం వస్తే లెప్టోస్పైరోసిస్‌ను (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే జ్వరం) మనసులో పెట్టుకోండి. డెంగీ అంతకంటే ఆలస్యంగా వస్తుంది. దోమ గుడ్డు నుంచి పెద్ద దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు, ఆ దోమకు వైరస్ అంటి, అది ఇంకొకరికి అంటించే స్థితికి రావడానికి మరో వారం పది రోజులు, కుట్టాక జ్వరం రావడానికి ఇంకో వారం వేసుకోండి. అంటే నీళ్లు తగ్గి, అందరూ ఊపిరి పీల్చుకుని, స్పెషల్ డ్యూటీలు ఎత్తేసే సమయానికి, మూడు నాలుగు వారాల తర్వాత డెంగీ పెరుగుతుంది. జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపు అయితే ఎన్ఎస్1 (వైరస్ ఆనవాలు పట్టే పరీక్ష), ఆ తర్వాత ఐజీఎమ్ (యాంటీబాడీ) పరీక్ష. ఇది మీకు తెలిసే ఉంటుంది, కానీ సర్వేలో జ్వరం మొదలైన తేదీ రాయకపోతే ఏ పరీక్ష చేయాలో ల్యాబ్ వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఏ కేసుకైనా నేను మొదట చూసేది ఆ తేదీనే.

ఈ వరసలో నాకు అన్నిటికంటే భయం తట్టు అంటే. ఒక్క పిల్ల నుంచి రక్షణ లేని పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటుకోగల జబ్బు అది. వైరస్ సోకిన సుమారు రెండు వారాలకు దద్దుర్లు కనిపిస్తాయి. అంటే మీ క్యాంపులోకి మొదటి రోజే అది వచ్చి ఉన్నా ఇప్పటిదాకా మీకు తెలియకపోవచ్చు. ఒక స్కూల్ హాల్లో వందమంది చాపలు పరుచుకుని పడుకున్న చోట, విటమిన్ ఏ తక్కువగా ఉన్న పిల్లల మధ్య తట్టు వస్తే న్యుమోనియా, విరేచనాలు తోడై ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ప్రపంచమంతటా శరణార్థి శిబిరాల్లో ముందుగా ఇచ్చే టీకా ఇదే, ఆరు నెలల నుంచి పదిహేనేళ్ల వరకు ఇవ్వాలని సిఫార్సు. మన దగ్గర ఆ వయసు పరిధి మీ అంతట మీరు మార్చలేరు, డీఐఓ (జిల్లా టీకాల అధికారి) నుంచి ఆదేశం ఉండాలి. కానీ తొమ్మిది నెలలు దాటి ఎంఆర్ బాకీ ఉన్న ప్రతి పిల్లకూ క్యాంపులోనే ఇవ్వడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. పైనుంచి ఆదేశం వచ్చి ఆరు నెలలకే ఇచ్చిన డోసు ఉంటే దాన్ని లెక్కలో వేసుకోకండి. తొమ్మిది నెలలు నిండాక మామూలు డోసు మళ్లీ ఇవ్వాలి, ఆ సంగతి తల్లికి అప్పుడే చెప్పాలి. ఎవరికైనా తట్టు వస్తే విటమిన్ ఏ రెండు రోజులు వరసగా ఇవ్వండి. ఏడాది లోపు, అంటే ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకు రోజుకు లక్ష యూనిట్లు, ఏడాది దాటితే రెండు లక్షలు.

టీకాలు ఆగితే ఏమవుతుందో కరోనా మనకు చూపించింది. 2019లో మన దేశంలో డీపీటీ మొదటి డోసు కూడా పడని పిల్లలు సుమారు 14 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ అంచనా. 2020లో అది 30 లక్షలకు చేరింది. 2022 చివర్లో ముంబయి బస్తీల్లో తట్టు విరుచుకుపడింది. పిల్లలు పోయారు. టీకా తప్పినప్పటి నష్టం ఆ వారంలోనే కనిపించదు, రెండేళ్ల తర్వాత వేరే పేరుతో వస్తుంది.

తట్టును పట్టుకోవడంలో మనకు ఒక చిక్కు ఉంది. చాలా ఇళ్లలో దాన్ని జబ్బు అనరు, "అమ్మవారు పోసింది" అంటారు. సర్వేకు వెళ్లి "ఎవరికైనా జబ్బు ఉందా" అంటే "లేదు" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ల లెక్కలో అది జబ్బు కాదు. కొన్నేళ్ల క్రితం ఒక బస్తీలో రెండు వారాలు వరసగా మాకు సున్నా కేసులని రిపోర్టు వచ్చింది. ఒక సాయంత్రం ఆ బస్తీలోని పోచమ్మ గుడి దగ్గర ఆగాను. గద్దె ముందు తడి ఆరని వేపమండలు, పెరుగన్నం పెట్టిన ఆకులు, ఒకటి కాదు, ఆరేడు ఇళ్లవి. పూజారమ్మను అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది: "మూడు నాల్గు రోజుల సంది దినాం ఎవరో ఒకరు వస్తున్నరు. పోరగాండ్లకు పోసిందట." ఆమె చెప్పిన ఇళ్లకు వెళ్తే ఒంటినిండా దద్దుర్లు, ఎర్రటి కళ్లు, దగ్గుతో పిల్లలు చీకటి గదుల్లో పడుకుని ఉన్నారు. ఒక తల్లి నా చేయి పట్టుకుని "అమ్మవారు ఉన్నప్పుడు సూది ఎయ్యొద్దు మేడమ్" అంది. నేను వాదించలేదు. "సూది వద్దులే, అమ్మవారు చల్లబడేదాకా చుక్కల మందు వేద్దాం, కొంచెం రక్తం ఇవ్వు పరీక్షకు" అన్నాను. విటమిన్ ఏ వేయించుకున్నారు, శాంపిల్ ఇచ్చారు. ఆ వీధిలో జబ్బు సోకని మిగతా పిల్లలకు మర్నాడే ఎంఆర్ వేశాం. అప్పటి నుంచి ఆ పూజారమ్మ మాకు ఫోన్ చేసేది. వేపమండలు పెట్టే ఆ ఇళ్లను చిన్నచూపు చూడకండి. మన బోనాల పండగ కూడా రెండు వందల ఏళ్ల కిందటి అంటువ్యాధి భయంలోంచి పెరిగిందనే పెద్దలు చెప్తారు. జబ్బు వచ్చిందని ఊరంతటికీ తెలియజేసే పద్ధతి మన జనానికి ఎప్పటి నుంచో ఉంది. మనం అక్కడికి వెళ్లి వినాలి.

కాబట్టి మీ రిపోర్టు కోసం సెంటర్‌కు వచ్చే రోగుల మీదే ఆధారపడకండి. మీ పరిధిలోని ఆర్ఎంపీలు, మెడికల్ షాపులు, చిన్న నర్సింగ్ హోమ్‌లు, తావీజులు కట్టే పెద్దలు, గుడి, మసీదు, అంగన్‌వాడీ టీచర్ల పేర్లు, నంబర్లు ఒక పేజీలో రాసి గోడకు అంటించండి. ఎవరెవరికి ఏ రోజు ఫోన్ చేయాలో పంచుకోండి. వాళ్లను అడిగే ప్రశ్న రోగం పేరుతో ఉండకూడదు. "జ్వరంతో పాటు దద్దుర్లు ఎవరికైనా చూశారా? నడిచే పిల్ల హఠాత్తుగా కాలు చచ్చుబడి నడవలేకపోయిందా? గొంతులో తెల్లటి పొర, మెడ వాపు చూశారా?" ఇలా కంటికి కనిపించేదే అడగండి. మూడోది కంఠసర్పి (డిఫ్తీరియా) లక్షణం. అది అనుమానం వస్తే ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా ఆ పూటే నల్లకుంట కోరంటి దవాఖానకు పంపండి, యాంటీటాక్సిన్ ఎంత తొందరగా పడితే అంత మేలు. కోరంటి అనే పేరే క్వారంటైన్ నుంచి వచ్చింది, నూరేళ్లు దాటిన ఆస్పత్రి అది. కాలు చచ్చుబడిన కేసు పదిహేనేళ్లలోపు ఎవరికి వచ్చినా, కారణం మీకు తెలుసనిపించినా, అది పోలియో కాదని తేలాలి కాబట్టి అదే రోజు సర్వేలెన్స్ (జబ్బుల నిఘా) మెడికల్ ఆఫీసర్‌కు చెప్పాలి. లక్షణం మొదలైన 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండు మలం శాంపిళ్లు, ఐసు మీదే ల్యాబ్‌కు చేరాలి. వరదల్లో రోడ్లు మూసుకుపోయాయని ఈ గడువు ఆగదు.

కేసులు లేని రోజు కూడా "సున్నా" అని రాసి పంపండి. ఖాళీ గడికీ సున్నాకీ చాలా తేడా ఉంది. సున్నా అంటే మీరు వెళ్లారు, అడిగారు, లేదు. ఖాళీ అంటే ఎవరూ వెళ్లలేదు.

ఇదంతా ఎందుకు పట్టుబట్టి చెప్తున్నానంటే, నిఘా సరిగ్గా నడిస్తే ఎంత దూరం ముందుగా ప్రమాదాన్ని పసిగట్టవచ్చో ఈ నగరంలోనే చూశాను. 2016లో అంబర్‌పేట దగ్గర మురుగునీటి శాంపిల్‌లో చుక్కల మందులోని బలహీన వైరస్ మారి పుట్టిన టైప్ 2 పోలియో వైరస్ దొరికింది. పిల్లలెవరికీ పోలియో రాలేదు. అంతకు రెండేళ్ల ముందే మన దేశానికి పోలియో రహిత సర్టిఫికెట్ వచ్చింది, అప్పటికి నెలన్నర కిందటే చుక్కల మందులోంచి టైప్ 2 తీసేశారు కూడా. అయినా ఎవరూ "ఒక్క శాంపిలే కదా" అనలేదు. జూన్ 20 నుంచి 26 వరకు హైదరాబాద్, రంగారెడ్డిల్లో ముప్పు ఉన్న ప్రాంతాల్లో ఆరు వారాల నుంచి మూడేళ్ల వయసు పిల్లలు 3,11,064 మందికి ఐపీవీ (పోలియో సూది టీకా) వేశారు. పూర్తి డోసు అర మిల్లీలీటరు, అందులో ఐదో వంతు మాత్రమే, 0.1 మి.లీ., చర్మం పొరల్లోకి. మందు తక్కువ ఉన్నా ఎక్కువమంది పిల్లలకు అందేలా చేసిన ఆలోచన అది. చర్మంలో చిన్న బుడగ లేస్తే సూది సరిగ్గా పడిందని గుర్తు. ఆ బుడగ కోసం ఏఎన్ఎమ్‌లు ఎండలో పిల్లల భుజాల మీదికి వంగి చూడటం నాకింకా కళ్ల ముందుంది. 2020లో సీసీఎమ్‌బీ, ఐఐసీటీ అనే ఇక్కడి పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు కరోనాను కూడా ఇలాగే నగరం మురుగునీటిలో కొలిచారు.

కోల్డ్ చైన్, అంటే టీకాలను చల్లగా కాపాడటం గురించి ఒక్క మాట, నాకు తగిలిన దెబ్బ కాబట్టి. ఒక వరదలో కరెంటు పోయింది. ఒక సెంటర్‌లో సిబ్బంది వ్యాక్సిన్ వేడెక్కుతుందని భయపడి, డీప్ ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన గడ్డకట్టిన ఐస్‌ప్యాక్‌ల మధ్య పెంటావలెంట్ వయల్స్ పెట్టారు. వయల్ మీది వీవీఎం (వేడి తగిలితే రంగు మారే గుర్తు) చతురస్రం తెల్లగానే ఉంది, అంటే వేడి తగల్లేదు. కానీ చలి తగిలిందో లేదో వీవీఎం చెప్పదు. అనుమానం వచ్చి ఒక వయల్ ఊపి బల్ల మీద పెట్టాం. పెరుగు విరిగినట్టు తెల్లటి తరకలు అడుగుకు దిగాయి, అంటే మందు గడ్డకట్టి పాడైంది. పెట్టెలో ఉన్నదంతా పారేయాల్సి వచ్చింది. మీ దగ్గర కరెంటు పోతే ఐఎల్ఆర్ (టీకాల ఫ్రిజ్) మూత తెరవకండి, తాళం వేయండి. మూత తీయకపోతే అది చాలా గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. ఐస్‌ప్యాక్‌లను బయటపెట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే క్యారియర్‌లో పెట్టండి. ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజుకు రెండుసార్లు రాయాలి, కరెంటు లేని రోజు మరీ ముఖ్యంగా.

రేపు ఉదయం మీరు చేయగలిగింది చెప్తాను. ఏఎన్ఎమ్‌లను, ఆశాలను అరగంట కూర్చోబెట్టండి. సర్వే కాగితంలో ఆ గడి చేర్చండి, క్యాంపుకు ఒక ఏఎన్ఎమ్‌ను ఎంఆర్‌తో పంపండి, బుధవారం సెషన్ ఎక్కడో ఇవాళే మసీదు మైకులోనూ గుడి మైకులోనూ చెప్పించండి. సెషన్ చోటు మెట్ల పైన, తడి లేని గదిలో ఉండాలి. ఇంకొకటి, మీ ఆశాల్లో చాలామంది ఇళ్లు కూడా అదే బస్తీలో మునిగి ఉంటాయి. వాళ్ల పిల్లలు ఎక్కడున్నారో, వాళ్లకు టీకాలు పడ్డాయో లేదో ముందు అడగండి. రెయిన్‌కోట్, మధ్యాహ్నం భోజనం, వెళ్లిరావడానికి ఆటో ఖర్చు మీ సెంటర్ నిధుల నుంచి ఏర్పాటు చేయండి. క్యాంపులో తట్టు అనుమానం ఒక్కటి కనిపించినా ఇక్కడే రాయండి, శాంపిల్ ఎలా పంపాలో వెంటనే చెప్తాను.